మంత్రం వచ్చిన ఆడపిల్ల

కిందటేడు మిరపకోతల కాలంలో గుంటూరు జిల్లాలోని ఒక బాలికల వసతి గృహంలో తొమ్మిదో తరగతి పిల్లలతో రెండు రోజులు గడిపాను. మంత్రాలూ ముఠాలూ ఉన్న కథ ఏదైనా రాయమన్నాను. చాలామంది సినిమాల్లో చూసిన రాజకుమారుల్నీ మాంత్రికుల్నీ రాశారు. ఒకమ్మాయి మాత్రం తాను ఎరిగిన ముఠాల గురించి రాసింది. ఊళ్ళోని ఆడకూలీల ముఠా ఒకటి, కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన ముఠా ఒకటి. వాళ్ళు తక్కువ కూలికి వస్తున్నారని వీళ్ళకు కోపం. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వరని వాళ్ళకు కోపం. ఇద్దరి మధ్యా మేస్త్రి కమీషను తీసుకుంటూ ఉంటాడు. కథానాయిక పద్నాలుగేళ్ళ పిల్ల. ఆమెకొక మంత్రం దొరుకుతుంది. అది చదివితే కాటా అబద్ధం చెప్పలేదు.

ఇంత చక్కగా నడిపిన కథలో చివరికి ఆ పిల్ల మంత్రాన్ని తమ్ముడికిచ్చి, తాను వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎందుకలా రాశావని అడిగాను. "ఆడపిల్లకి మంత్రం వస్తే మంత్రగత్తె అంటారు గదా మేడమ్. వాడికైతే ఏమీ అనరు" అంది.

ఆ అమ్మాయికి ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పలేదు. మన కథలే చెప్పాయి.

తెలుగు పిల్లలకు మాంత్రికుల నవలల రుచి చూపించినవాడు గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి అర్ధశతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 1954లో వచ్చిన 'తోకచుక్క' మొదలుకొని ఆయన సీరియల్స్ పత్రికలో ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. 'తోకచుక్క'లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అని ఇద్దరు మాంత్రికులు. ఎవరి అనుచరగణం వాళ్ళది. ధనరాశులున్న నౌక కోసం ఇద్దరూ కొట్టుకుంటూ ఉంటే, సేనాని సమరసేనుడు తన మనుషులతో వాళ్ళ మధ్య ఇరుక్కుంటాడు. మా మేనమామ బైండు చేయించి పెట్టెలో దాచిన ఆ సీరియల్‌ని నేను మిరపకల్లం పక్కన, తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మాటలు వింటూ చదివాను. అన్నం కూడా మరచిపోయి చదివాను. అయితే ఆ సాహసంలో నన్ను నేను ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలిసేది కాదు. పడవ నడిపేదీ, కత్తి పట్టేదీ, మంత్రం సాధించేదీ, ద్రోహం చేసి మళ్ళీ క్షమాపణ పొందేదీ మగవాళ్ళే. చెడ్డ మాంత్రికుడు సైతం అక్కడ విద్వాంసుడు. అతని చెడుతనం అతనొక్కడిది. దానివల్ల మగజాతికంతటికీ మచ్చ రాదు.

అదే ఒక ముఠాకు ఆడది నాయకత్వం వహిస్తే? దానికి జవాబు పక్కనే పల్నాడులో ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో గురజాల పక్షాన మంత్రాంగం నడిపింది నాయకురాలు నాగమ్మ. వితంతువు, రైతు కుటుంబం నుంచి వచ్చి మంత్రిణి అయిన స్త్రీ. మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. రాజ్యం కోసం ఇద్దరూ ఎత్తులు వేశారు. కాని కథ చెప్పేవాళ్ళు ఆయన ఎత్తును రాజనీతి అన్నారు, ఆమె ఎత్తును కుట్ర అన్నారు. కోడిపందెంలో ఆమె మాయోపాయంతో గెలిచిందన్నారు. కులం తేడా లేకుండా అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును నేను తక్కువ చేయటం లేదు. ఆ పంక్తిలో ఆడదాని తెలివికి చోటెందుకు దొరకలేదన్నదే నా ప్రశ్న. మంచి స్త్రీకి నమూనాగా ఆ కథ మనకిచ్చింది మాంచాలను, అంటే భర్తను యుద్ధానికి సాగనంపే ఇల్లాలిని. 'పల్నాటి యుద్ధం' సినిమాల్లో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేషం వేశారు. ప్రేక్షకులు వాళ్ళ నటనకు ముగ్ధులయ్యారు, కాని నాగమ్మ మీద తీర్పు మారలేదు.

ఇవన్నీ కథలే కదా అని తోసేయటానికి వీల్లేదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో కొట్టడం, పళ్ళూడగొట్టడం, చంపటం తెలంగాణ పల్లెల్లో ఎన్నిసార్లు జరిగిందో మనకు తెలుసు. ఈ నిందకు మగవాళ్ళూ బలయ్యారు. అయితే మొగుడు లేక, కొడుకులు లేక, కొంచెం భూమో గట్టి నోరో ఉన్న ఆడదాని మీదికి అది ఎంత తేలిగ్గా వస్తుందో పల్లె తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. స్త్రీని మంత్రగత్తె అని హింసించటాన్ని ఆపటానికి బీహార్ 1999లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. శక్తి ఉన్న ఆడది ప్రమాదకరమన్న భావం ముందు కథలో పుడుతుంది, తర్వాత వీధిలోకి వస్తుంది.

అందుకని పిల్లలకు మంత్రాల కథలే వద్దనే హేతువాద మిత్రులతో నేను ఏకీభవించను. దాసరి సుబ్రహ్మణ్యం స్వయంగా హేతువాది. ఆయన కథలు చదివి నాకు దయ్యాల మీద నమ్మకం కలగలేదు. లోకం ఇలాగే ఉండనక్కర్లేదన్న నమ్మకం కలిగింది. కూలికి వెళ్ళే ఇంటి పిల్లకు ఆ నమ్మకం చాలా అవసరం. కోతల కాలంలో బడి మానేసి, మండే చేతులతో ఇంటికొచ్చి, మళ్ళీ అంట్లు తోమే పిల్లకు ఊహించుకోవటానికి ఒక గంట ఖాళీ దొరకటం కూడా హక్కే. ఆ గంటను తమ్ముడికి అడక్కుండానే ఇస్తున్నాం.

కాబట్టి మన సంఘాలు చేయగల పనులు రెండున్నాయి. బాలికల వసతి గృహాల్లో తాళం వేసిన పుస్తకాల బీరువాలు తెరిపించాలి. చదివిన పిల్లల చేత వాళ్ళ కథలు రాయించాలి. నాగమ్మ కథను నాగమ్మ వైపు నుంచి చెప్పమనాలి.

వచ్చేసేముందు ఆ అమ్మాయి కాయితం ఆమెకే తిరిగిచ్చాను. కథ మార్చమని చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగాను: "మంత్రం తమ్ముడికిచ్చాక కాటా ఎవరి మాట వింది?" చాలాసేపు ఆలోచించింది. "మేస్త్రి వాణ్ణి కొనేసుంటాడు మేడమ్" అంది. తర్వాత పెన్ను తీసి, చివరి పేజీ కొట్టేసింది.