చిన్న చాకు పక్షాన

జేబులో చాకు పెట్టుకుని తిరిగేవాణ్ణి లోకం రెండు విధాలుగా చూస్తుంది. ఒక వర్గానికి వాడు రౌడీ. మరొక వర్గానికి వాడు వీరుడు. మొదటి వర్గంలో మన బంధుమిత్రులూ, పెద్ద పెద్ద దుకాణాల గుమ్మాల దగ్గర సంచులు తడిమే కాపలాదారులూ ఉన్నారు. రెండవ వర్గంలో చాకులు అమ్మే వర్తకులూ, ఆ సరుకును దృశ్యఖండికలలో తిప్పి తిప్పి చూపించి పరవశించే కుర్రకారూ ఉన్నారు. ఈ రెండు వర్గాలకూ ఒకరంటే ఒకరికి పడదు. కానీ నా దృష్టిలో రెండూ ఒకే తానులోని ముక్కలు. చాకు అంటే మనిషిని పొడిచేదే అని ఇద్దరి నమ్మకమూను. ఒకరు అందుకు జడుస్తారు, ఇంకొకరు అందుకు మురుస్తారు. అది మామిడికాయ కోసుకునేదనీ, పార్సెలు పురికొస తెంచుకునేదనీ, పెన్సిలు చెక్కుకునేదనీ ఇద్దరికీ తోచదు.

నేను ఇరవై ఏళ్ళుగా జేబులో చాకుతో తిరుగుతున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో నా చాకు చిందించిన రక్తమంతా నా బొటనవేలిదే. అది కోసినవాటిలో జామకాయలున్నాయి, మందుబిళ్ళల అట్టలున్నాయి, కొత్త పుస్తకాల అతుక్కుపోయిన పుటలున్నాయి, చీర అంచున వేలాడే దారాలున్నాయి. రైలు ప్రయాణంలో ఎదుటి బల్ల మీది పెద్దమనిషి చిప్సు పొట్లాన్ని పళ్ళతో చింపుతూ, నా చేతిలోని రెండంగుళాల అలుగును చూసి కాళ్ళు ముడుచుకుంటాడు. పళ్ళతో చింపడం నాగరికమూ, చాకుతో కోయడం అనాగరికమూ ఎప్పుడయ్యాయో నాకు అంతుపట్టదు.

నా వాదన ఒక్కటే. చాకు వెంట ఉండాలి. ఉండాలంటే అది చిన్నదిగా, తేలికగా ఉండాలి. పెద్ద చాకు కొన్నవాడు అమ్మేవాడి అబద్ధాన్నీ, భయపడేవాడి అబద్ధాన్నీ ఏకకాలంలో నిజం చేస్తున్నాడు.

ముందుగా బరువు. నిత్యం వెంట ఉండవలసిన వస్తువుకు తొలి గుణం వెంట ఉండటమే. 150 గ్రాముల చాకు అంటే దాదాపు మరొక సెల్‌ఫోను. లాల్చీ జేబు సాగుతుంది, పంట్లాం జేబు చిరుగుతుంది. మొదటి వారం ముచ్చట, రెండవ వారం విసుగు, మూడవ వారం బల్లసొరుగు. సొరుగులో ఉన్న మహాఖడ్గం బస్సులో ఉన్న మనిషికి ఎందుకు పనికొస్తుంది? విక్టోరినాక్స్ వారి క్లాసిక్ అనే చాకు మడిస్తే 58 మిల్లీమీటర్లు, బరువు సుమారు 21 గ్రాములు. తాళంచెవుల గుత్తిలో అదొక తాళంచెవిలా కలిసిపోతుంది. అందులో చిన్న అలుగు, కత్తెర, గోళ్ళ ఆకురాయి, ముల్లు తీసే చిమటా, పళ్ళపుల్ల ఉంటాయి. నగరవాసి దినచర్యలో పదింట తొమ్మిది పనులకు ఇది చాలు.

పదవ పని పండ్లు కోయడం. దానికి కాస్త పొడవు కావాలి. అక్కడ నేను ఫ్రాన్సు దేశపు ఓపినెల్‌ను తలుచుకుంటాను. ఆల్ప్స్ కొండల్లోని సవోయి ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో రూపొందించిన పల్లెటూరి చాకు అది. ఒక చెక్కపిడి, ఒక పలచని అలుగు, మడత దగ్గర ఒక సీల. పెద్ద సంఖ్యల వాటికి అలుగు కదలకుండా బిగించే ఉంగరం 1955లో వచ్చి చేరింది. ఆరవ నంబరు చాకు అలుగు సుమారు 7 సెంటీమీటర్లు. పిడి కొయ్యది గనుక చేతికి బరువే తెలియదు.

ఇక్కడ వర్తకులు చెప్పని రహస్యం ఒకటుంది. కోసేది పలచదనం, బలం కాదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న వీరోచితమైన చాకుతో యాపిల్ కోసి చూడండి. అది సగం దాకా కోస్తుంది, ఆ తరువాత చీలుస్తుంది. పండు టప్పున పగులుతుంది. మన వంటింటి కత్తిపీటకు పలచని వాదర ఎందుకు పెట్టారో మన అమ్మమ్మలకు తెలుసు. ఆ మందమంతా తలుపులు పెకలించడానికట, దుంగలు చీల్చడానికట! అద్దె వాటాలో ఉండే గుమాస్తా నెలకు ఎన్ని దుంగలు చీలుస్తాడు?

ఉక్కు సంగతి కూడా ఇంతే. రాక్‌వెల్ కొలతలో 60 దాటిన అపూర్వ లోహాలను గురించి పద్యాలు చదివినట్టు చదువుతారు. అవి చాలాకాలం మొద్దుబారవు, నిజమే. మొద్దుబారాక మాత్రం వజ్రపు సాన లేనిదే లొంగవు. స్విస్ చాకుల ఉక్కు 56 ప్రాంతంలో ఉంటుంది. మొద్దుబారితే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద పదిసార్లు రాస్తే చాలు, మళ్ళీ టమాటా కోస్తుంది. ఇంట్లో సానపట్టుకోగలిగినదే మన చాకు. మరొక మాట: ఓపినెల్ కొనేవారు మన కోస్తా గాలిని మరవకూడదు. కార్బన్ ఉక్కు మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది, విశాఖ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. వానాకాలంలో చెక్కపిడి ఉబ్బి అలుగు బయటికి రానని మొరాయిస్తుంది. తుప్పు పట్టని ఉక్కు రకం తీసుకుని, పిడికి కొంచెం నూనె రాసుకుంటే సగం బాధ తీరుతుంది.

"మరి ఆత్మరక్షణ మాటేమిటి?" అని అడిగేవారుంటారు. చెబుతాను. జేబులోంచి తీసి, మడత విప్పి, పట్టు కుదుర్చుకునే లోపల రావలసిన దెబ్బ వచ్చేస్తుంది. ఆ పైన, చాకు తీసినవాడే తగువు పెంచినవాడని రేపు పోలీసులు రాసుకుంటారు. ఆపదలో కాపాడేవి కాళ్ళూ, కేకా. ఆత్మరక్షణ పేరిట చాకు అమ్మేవాడు మన భయాన్ని తూకం వేసి అమ్ముతున్నాడు.

ఇక భయపడే వర్గం సంగతి. వారి భయం ఊరికే పుట్టలేదు. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తరువాత కొన్నేళ్ళపాటు మన తెరల నిండా వేటకొడవళ్ళే. హిందీ తెర మీద ప్రతినాయకుడి చేతిలో రాంపూర్ చాకు టక్కుమని తెరుచుకునేది. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాలను చేజిక్కించుకున్నవారి దగ్గర చిన్న కత్తులుండటంతో లోకమంతటా తనిఖీ బల్లల మీద చాకులు గుట్టలు పడ్డాయి. 2013లో అమెరికా ప్రభుత్వం 6 సెంటీమీటర్ల లోపు చాకులను మళ్ళీ విమానంలోకి అనుమతించాలనుకుని, విమాన సిబ్బంది నిరసనతో మానుకుంది. విమానం మాట వేరు, అక్కడ నాకు తగవు లేదు. చాకును సామాను పెట్టెలో వేసి అప్పగిస్తాను. కానీ వీధిలోనూ విమానపు నియమమే నడవాలా?

చట్టం మనుషుల కంటే వివేకంగా ఉంది. 1959 నాటి ఆయుధ చట్టం కింద వచ్చిన 2016 నిబంధనలు 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తాయి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటిని అక్కడ కూడా మినహాయిస్తాయి. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన మీట నొక్కితే తెరుచుకునే చాకులను, అలుగు 7.62 సెంటీమీటర్లు, ఆపైన ఉన్నప్పుడు, కట్టడి చేసింది. ఇంగ్లండులోని మన తెలుగు మిత్రులకు 1988 నాటి చట్టం ప్రకారం అలుగు 3 అంగుళాలు మించని, బిగింపు లేని మడతచాకును వెంట ఉంచుకోవడానికి సంజాయిషీ అక్కరలేదు. ఉంగరపు బిగింపు ఉన్న ఓపినెల్‌కు అక్కడ ఆ వెసులుబాటు లేదు, క్లాసిక్‌కు ఉంది. పనిముట్టుకూ ఆయుధానికీ మధ్య గీత ఎక్కడుందో చట్టాలు కొలతలతో చెబుతున్నాయి. చిన్న చాకు ఆ గీతకు ఇవతల నిలుస్తుంది.

ఆ గీతను మనం పోగొట్టుకుంటే ఏమవుతుందో కూడా కనబడుతోంది. 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు అందిస్తున్న విక్టోరినాక్స్ సంస్థ అధిపతి, అలుగే లేని జేబు పనిముట్లు రూపొందిస్తున్నామని 2024లో ప్రకటించారు. అలుగు ఉన్నవాటిని మానబోమని కూడా అన్నారనుకోండి. అయినా, సానరాయి లేని సానవాడిలా ఉంది ఆ మాట.

పుస్తకాలు చదివేవాళ్ళం, రాసేవాళ్ళం ఈ విషయంలో ఊరుకోకూడదు. ఎందుకంటే చిన్న చాకు మన కులానికి చెందిన వస్తువు. ఇంగ్లీషువాడు దాన్ని పెన్‌నైఫ్ అంటాడు. ఈకకలం మొన చెక్కుకోవడానికి పుట్టింది కాబట్టి ఆ పేరు. మన దక్షిణదేశంలో తాటాకు మీద రాసే గంటాలలో కొన్నిటికి ఒక కొసన ములుకు, మరొక కొసన ఆకు కోసే చిన్న కత్తి ఉండేవి. వాటిని పిడిలోకి మడుచుకునే వీలూ ఉండేది. అంటే జేబుచాకు హంతకుడి వారసత్వం కాదు, లేఖకుడి వారసత్వం. దాన్ని రౌడీకి ధారపోసి మనం పళ్ళతో పొట్లాలు చింపుకుంటున్నాం.

కొనదలచినవారికి నా మాట ఇది. అలుగు మీ అరచేతి వెడల్పు దాటనివ్వకండి. బరువు 50 గ్రాములు దాటనివ్వకండి. నల్లపూతలూ, పుర్రెబొమ్మలూ, యుద్ధనామాలూ ఉన్నవాటిని చూడకండి. అవతలివారికి ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వండి. ఇంట్లో పదేళ్ళ పిల్లో పిల్లవాడో ఉంటే పక్కన కూర్చుని, అలుగును ఒంటికి ఎడంగా తోస్తూ పెన్సిలు చెక్కడం నేర్పండి. చాకు పట్టుకుని పనిచేసిన పిల్లలు దానికి భయపడరు, దాన్ని చూపి ఎవరినీ భయపెట్టరు.