నర్సమ్మ చేతిలో ట్యాబ్ - స్త్రీ గుట్టు ఎవరి చేతిలో?

మూడు నెలల క్రితం మా మండలంలో ఒక ఏఎన్ఎంకి మెమో ఇచ్చారు. ఆమె చేసిన నేరం ఇది. ఆ వారం సూదులు, టీకాలు వేయించుకోవలసిన వాళ్ళ జాబితాను, అంటే డ్యూ లిస్టును, ఫోటో తీసి ఆశా కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో పెట్టబోయి ఊరి గ్రూపులో పెట్టింది. రెండు గ్రూపుల పేర్లూ ఊరి పేరుతోనే మొదలవుతాయి. రాత్రి తొమ్మిదిన్నరకు, ఇంటి పని ముగించుకుని, మర్నాటి పని కోసం చేసిన పని అది. నాలుగు నిమిషాల్లో తప్పు తెలుసుకుని తీసేసింది. ఆ నాలుగు నిమిషాలే చాలాయి. జాబితాలో ఏడో పేరు ఎదురుగా 'అంతర' అని రాసి ఉంది.

అంతర అంటే మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక సూది. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. ఆ ఏడో పేరు గల ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. కొడుకు పుట్టేదాకా కాన్పులు ఆపేది లేదని అత్తవారి పట్టు. ఆమె ఎవరికీ చెప్పకుండా ఏడాదిగా ఈ సూది వేయించుకుంటోంది. మాత్రలైతే ఇంట్లో ఎక్కడో దాచుకోవాలి. సూదికి ఇంట్లో ఆనవాలు మిగలదు. ఆ రాత్రి మరిది ఫోనులో చూశాడు. తర్వాత ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను వివరించనక్కరలేదు. పుట్టింటికి వచ్చేసిన మూడో రోజున మా సంఘం ఆఫీసుకు వచ్చింది. కేసు పెడదామా అని అడిగితే, "సిస్టరమ్మ మీద మాత్రం వద్దక్కా, ఆమె మంచిదే. నా పేరు ఆ లిస్టులో ఎందుకు రాశారో అది కనుక్కోండి చాలు" అంది.

ఆ ప్రశ్న పట్టుకుని నేను చాలామంది ఏఎన్ఎంలతో, ఆశాలతో, స్టాఫ్ నర్సులతో మాట్లాడాను. సబ్‌సెంటరులో ఇదివరకు రిజిస్టర్లు ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి. దానికి తోడు ట్యాబ్ వచ్చింది. ఏఎన్ఎంల కోసం తయారుచేసిన 'అన్‌మోల్' యాప్‌ను మొదట ప్రవేశపెట్టింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. కాగితం భారం పోతుందని అప్పుడు చెప్పారు. కాగితం పోలేదు, ట్యాబ్ అదనంగా చేరింది. పగలు రిజిస్టరులో రాసుకుని, రాత్రి సిగ్నల్ దొరికాక ఇంట్లో కూర్చుని ఎక్కించే వాళ్ళే ఎక్కువమంది కనబడ్డారు. పైగా ఎన్‌సీడీ సర్వేకి ఒక యాప్, టీకాలకు ఒక యాప్, హాజరుకు ముఖం చూపించే యాప్. వీటన్నిటి పైన వాట్సాప్. ఏ జీవోలోనూ లేని ఈ వాట్సాపే అసలు ఆఫీసు అయి కూర్చుంది. ఇంటికి వెళ్ళినట్టు ఫోటో పెట్టు, గర్భిణి చేతిలో కార్డు పట్టుకున్న ఫోటో పెట్టు, లిస్టు పెట్టు. పెట్టకపోతే అందరి ముందూ గ్రూపులోనే చీవాట్లు.

ఫోటో తీసేముందు ఆ గర్భిణిని అడుగుతారా అని ఒక ఆశా చెల్లెల్ని అడిగాను. నవ్వింది. "నన్నెవరు అడిగారు మేడమ్?" అంది.

ఈ సందర్భంలో కొన్ని పాత సంగతులు గుర్తు చేసుకోవాలి. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని ప్రయోగించారు. అది ప్రయోగమని అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి విషయం వివరిస్తే చాలామంది సూది వద్దని వెళ్ళిపోయారు. 1986లో స్త్రీల సంఘాలు కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. ఈ రెండుచోట్లా మనం అడిగింది ఒకటే. ఈమె ఒంటి మీద ఏం చేస్తున్నారో ఈమెకు చెప్పారా, ఈమె ఒప్పుకుందా? ఇప్పుడు ఆమె ఒంటి గురించిన వివరాలు ఊళ్ళు తిరుగుతున్నాయి. ప్రశ్న మాత్రం అదే. (సూది మాటకొస్తే నాకు ఇప్పటికీ అనుమానాలు తీరలేదు. నెలసరి క్రమం తప్పడం, ఎముకల పటుత్వం తగ్గడం గురించి సూది వేసే ముందు స్త్రీలకు చెప్పాలి, చాలాచోట్ల చెప్పడం లేదు. అయినా ఆ సూదిని ఆమె తెలిసి ఎంచుకుంది. అది ఆమె హక్కు.)

రహస్యం కాపాడటం నర్సులకు కొత్త పాఠమేమీ కాదు. ప్రతి నర్సూ దీపం పట్టుకుని చేసే నైటింగేల్ ప్రతిజ్ఞలో రోగి సొంత విషయాలు బయటపెట్టననే మాట ఉంది. 1893 నాటి ప్రతిజ్ఞ అది. అయితే అప్పటి నర్సుకు గుట్టు తన నోట్లో ఉండేది. నోరు మూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆమె ఎక్కించిన వివరం ఎవరెవరు చూస్తారో ఆమెకే తెలియదు. తప్పు జరిగితే మాత్రం మెమో ఆమెకే.

ఫోను ఎవరిదన్నది ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 48.9 శాతం. అంటే సగంమందికి పైగా లేదు. ఫోను నంబరు అడిగితే ఆమె భర్తదో, కొడుకుదో చెబుతుంది. 2021లో దేశమంతటా మొదలుపెట్టిన ఆభా ఆరోగ్య ఖాతాను ఆధార్ ఓటీపీతో తెరవాలంటే, ఆ ఓటీపీ ఆధార్‌కు జతచేసిన నంబరుకే పోతుంది. ఒక స్టాఫ్ నర్సు చెప్పింది, ఓపీ చీటీ దగ్గర నిలబడ్డ గర్భిణి కువైట్‌లో ఉన్న భర్తకు ఫోను చేసి ఆరంకెలు అడుగుతోందట. అతను పనిలో ఉండి ఎత్తలేదు. వెనక క్యూ అరుస్తోంది. ఆభా తప్పనిసరి కాదని నిబంధనలు చెబుతున్నాయి. అది ఆ గర్భిణికి ఎవరు చెబుతారు? నర్సుకు ఆ రోజు ఇన్ని ఖాతాలు తెరవాలని టార్గెట్ ఉంది.

టెక్నాలజీ వద్దని నేననడం లేదు. 2005లో 108 మొదలైనప్పుడు ఒక ఫోను కాల్‌తో తండాల్లోంచి ఎందరు బాలింతలు బతికి బయటపడ్డారో మనకు తెలుసు. ఈ-సంజీవని వల్ల పల్లెలో కూర్చునే పెద్ద డాక్టరుతో మాట్లాడగలుగుతున్నారు. గ్రామ క్లినిక్కులో పనిచేసే బీఎస్సీ నర్సు ఒకామె నాతో అన్న మాట మాత్రం మరచిపోలేను. "పొట్ట నొక్కి చూసేది నేను, బీపీ చూసేది నేను, ఏడిస్తే ఓదార్చేది నేను. తెరమీద రెండు నిమిషాలు కనబడే ఆయనే డాక్టరు." నర్సు చేతి తెలివికి విలువ ఇవ్వని పాత పద్ధతి తెరమీదికి ఎక్కింది, అంతే. ఇక ఆ నర్సే విసుగుపుట్టి డ్యూటీ గదిలో పాటకు రెండు అడుగులేసి రీలు పెడితే షోకాజ్ నోటీసు. రోగి కనబడితే అది తప్పే. కనబడకపోయినా నోటీసులిస్తున్నారు. అదే అధికారి తన పర్యటన ఫోటోల్లో మంచం మీది బాలింత ముఖం కనబడేలా పెట్టుకుంటే ఎవరూ నోటీసివ్వరు.

చట్టం ఏం చెబుతోంది? అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరు బయటపెడితే ఏడాది వరకు జైలు అని 2021 సవరణ చెబుతోంది. మంచిదే. కానీ 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం 7వ సెక్షన్‌లో, రాయితీలూ సేవలూ పథకాల కోసమైతే కొన్ని షరతులతో ప్రభుత్వం విడిగా అంగీకారం తీసుకోనక్కరలేదనే వెసులుబాటు ఉంది. పేద స్త్రీ వివరాలన్నీ పోయేది ఆ దారిలోనే కదా!

ఎదురు చెప్పినవాళ్ళు లేకపోలేదు. 2021లో హర్యానా ఆశాలు, తాము ఎక్కడ తిరుగుతున్నదీ కనిపెడుతోందని ఒక యాప్‌ను తమ ఫోన్లలో పెట్టుకోమన్నారు. అదే ఏడాది మహారాష్ట్ర అంగన్‌వాడీలు ఇంగ్లీషు యాప్, పనిచేయని ఫోన్లు మాకొద్దని ఫోన్లు వాపసు ఇచ్చారు. వాళ్ళ పోరాటాన్ని మనం ఉద్యోగుల గొడవగానే చూశాం. మన సంఘాలు అందులో కలవకపోవడం పొరపాటని నాకిప్పుడు అనిపిస్తోంది. ఆశా మీద పెట్టిన నిఘా, ఆశా రాసుకొచ్చే స్త్రీ మీద పెట్టిన నిఘా ఒకే ఫోనులో ఉన్నాయి.

అందుకని మేము మొదట ఆ ఏఎన్ఎం మెమోకి జవాబు రాయడంలో సాయం చేశాం. లిస్టులు వాట్సాప్‌లో పెట్టమని పైనుంచి వచ్చిన మెసేజీలన్నీ ప్రింటు తీసి జతచేశాం. పదకొండు పేజీలయింది. వాట్సాప్‌లో పేర్లతో లిస్టులు, ఫోటోలు అడగడం ఆపాలని, కుటుంబ నియంత్రణ వివరాలున్న లిస్టు ఏఎన్ఎం దగ్గరే ఉండాలని, సొంత ఫోను లేని స్త్రీ నంబరు చెప్పనంటే ఆ గడి ఖాళీగా వదిలే వీలు యాప్‌లో ఉండాలని జిల్లా వైద్యాధికారికి విడిగా అర్జీ ఇచ్చాం. మీ జిల్లాల్లోనూ ఇవ్వండి. నకలు పంపిస్తే మేము కలిపి రాష్ట్రానికి పంపుతాం.

జవాబు ఇంకా రాలేదు. ఏడో పేరు గల ఆమె పుట్టింట్లోనే ఉంది. వేయించుకోవలసిన సూది గడువు దాటి మూడు నెలలవుతోంది. అక్కడి సబ్‌సెంటరుకు తీసుకెళ్తానన్నాను. పేరు, ఫోను నంబరు రాసుకుంటారా అని అడిగింది. రాసుకుంటారన్నాను. అయితే వద్దంది.