బెత్తమూ దుడ్డుకర్రా

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. క్రైస్తవేతరులైన మిత్రులు దీన్ని మతప్రచారంగా భావించరనే నమ్మకం. పిల్లల పెంపకం గురించి, అందులో నా ఓటమి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన మా ఇంటి ఆనవాయితీ. ఒకనాడు తొమ్మిదేళ్ల మా అబ్బాయి, సండేస్కూలు కోసం కంఠస్థం చేసిన 23వ కీర్తన అప్పజెబుతున్నాడు. కాపరి చేతి దుడ్డుకర్ర తనకు ఆదరణ అని దావీదు చెప్పే చోట ఆగి, "నాన్నా, దుడ్డుకర్ర అంటే కొట్టేదే కదా? మరి ఆయనకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

అంతకు మూడు రోజుల ముందే, లెక్కల పరీక్షలో మార్కులు తగ్గిన సంగతి దాచి, ప్రోగ్రెస్ రిపోర్టు మీద వాళ్లమ్మ సంతకం తానే పెట్టినందుకు స్కేలుతో వాడి చేతులు వాచేలా కొట్టి ఉన్నాను. వాడు అమాయకంగానే అడిగాడు. జవాబు మాత్రం నా దగ్గర లేకపోయింది.

బెత్తం వాడని తండ్రిని కుమారునికి శత్రువుగా ఎంచే సామెతల గ్రంథం 13వ అధ్యాయం మన సంఘాల్లో తెలియనివారుండరు. నేనూ ఆ మాట నీడలోనే పెరిగాను, దాన్ని అడ్డం పెట్టుకునే కొట్టాను. ఆ రాత్రి నిద్రపట్టక వ్యాఖ్యానాలు తిరగేస్తే, అక్కడి బెత్తానికీ కీర్తనలోని దుడ్డుకర్రకూ హీబ్రూ మూలంలో ఉన్నది ఒకే పదమని తెలిసింది. ఆ పదం 'షేవెట్'. తెలుగులోకి వచ్చేసరికి రెండయ్యాయి. కాపరి ఆ కర్రతో మృగాలను తరుముతాడు. మందను దాని కిందుగా నడిపించి లెక్కపెట్టుకుంటాడు. గొర్రెకు అది భయం కాదు, ధైర్యం.

అలాగని 23వ అధ్యాయంలో కొట్టడం గురించి స్పష్టంగానే ఉన్న మాటను దాచి వాదించడం నిజాయితీ కాదు. అయితే దాన్ని ఒంటరిగా చదవకూడదంటాను. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పిల్లలు విధేయులై ఉండాలన్న 1వ వచనం మనకు కంఠోపాఠం. తండ్రులు పిల్లలకు కోపం రేపరాదన్న 4వ వచనం మీద ప్రసంగం విన్న జ్ఞాపకం నాకు లేదు. అందులోనే వచ్చే 'శిక్ష' అన్న మాటను మనం దండన అనుకుంటాం. గ్రీకులో అది 'పైడేయా', అంటే పిల్లవాణ్ణి తీర్చిదిద్దడం. సంస్కృతంలోనూ శిక్ష అంటే నేర్పడమే. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరదే.

ఇలా అంటే పెద్దలు ఏలీని గుర్తుచేస్తారు. కొడుకులను అదుపు చేయక ఇల్లు పోగొట్టుకున్న యాజకుడాయన. నిజమే. కాని హొఫ్నీ, ఫీనెహాసులు పసివాళ్లు కారు. బలిమాంసాన్ని దౌర్జన్యంగా లాక్కున్న యాజకులు. ఏలీ తప్పు ఓర్పు కాదు, చేతిలో అధికారం ఉండీ అన్యాయాన్ని సాగనివ్వడం. ఓర్పంటే తప్పును చూడకపోవడం కాదు. చూసి, మన కోపం చల్లారేదాకా చేతిని ఆపుకోవడం.

నా సంగతే చూడండి. ఆ రోజు ఆఫీసులో పడ్డ మాటల బరువు సగం వాడి చేతుల మీద దించాను. వాడు దొంగసంతకం పెట్టింది నా దెబ్బలకు భయపడే. ఆ భయానికి మళ్లీ దెబ్బలే మందనుకున్నాను. పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకుని, నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్న దాసుని కథ మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ఆ కథ విన్నప్పుడల్లా వాణ్ణి అసహ్యించుకున్నాను. వాడు నేనేనని తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

మర్నాడు మా అబ్బాయిని పిలిచి క్షమించమని అడిగాను. సంతకం విషయం టీచరుగారి దగ్గర తానే ఒప్పుకోవాలన్నాను, తోడు వెళ్లాను. నెల తర్వాత మరో పరీక్ష కాగితం తనంతట తానే తెచ్చి నా చేతికిచ్చాడు. మార్కులు అంతంతమాత్రమే. కోపం వచ్చిన మాట నిజం. చేయి మాత్రం లేవలేదు.

దెబ్బ లేనిదే పిల్లలు దారికి రారనే మిత్రులుంటే వారి అనుభవమూ వినాలని ఉంది.