పొగ కడిగితే గోడ వస్తుంది

అమెరికా ఇళ్ళ గోడలు చూసి "ఇదేంటి, అట్టముక్కలతో కట్టారు" అని నవ్వని తెలుగువాడు లేడు. ఆ డ్రైవాల్ లోపలున్నది జిప్సం. చాలా ఇళ్ళలో అది గనిలోంచి తవ్వింది కాదండీ, బొగ్గు కరెంటు ప్లాంటు పొగలోంచి వచ్చింది.

పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సున్నపురాయి పొడి కలిపిన నీళ్ళు పొగ మీద జల్లితే అందులోని సల్ఫర్ డయాక్సైడ్ బురదలా దిగుతుంది. ఒకప్పుడు ఆ బురదని గుంటల్లో పారబోసేవాళ్ళు. దానిలోకి గాలి ఊదితే సల్ఫైటు కాస్తా సల్ఫేటై జిప్సం తయారవుతుంది. నీళ్ళు పిండేసి గోడల ఫ్యాక్టరీకి పంపడమే. టన్ను సల్ఫర్ డయాక్సైడ్ పడితే దాదాపు 2.7 టన్నుల జిప్సం.

కంపెనీలు ఇదంతా ప్రకృతి మీద ప్రేమతో చేశాయనుకునేరు! ఆమ్లవర్షాలు ఆపడానికి 1990లో క్లీన్ ఎయిర్ యాక్ట్ ని సవరించి పీక మీద కూర్చున్నాక, పారబోసేదాన్ని అమ్ముకోవచ్చన్న తెలివి బాగా ఊపందుకుంది.

మరి మనం? 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ రూలు పెట్టింది, రెండేళ్ళ గడువిచ్చింది. ఆ గడువు జరిగింది, మళ్ళీ జరిగింది. మా ఫీల్డులో ఇలా జరిగితే క్లయింటు మనిషిని మారుస్తాడు. అక్కడ 2025 జూలైలో రిక్వైర్‌మెంటే తీసేశారు, నాలుగింట మూడొంతులకి పైగా ప్లాంట్లకి. ఢిల్లీ ప్రాంతానికో పది లక్షల జనాభా దాటిన ఊరికో పది కిలోమీటర్లలోపు ఉన్నవి మాత్రం పెట్టాలట. ఇంకొన్నిటి సంగతి విడిగా చూస్తారట. పదకొండో కిలోమీటరులో ఉన్నవాళ్ళవి వేరే రకం ఊపిరితిత్తులు కాబోలు.

చెప్పే కారణాలు: మన బొగ్గులో గంధకం తక్కువ, పైగా సున్నపురాయి వాడితే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. సరే, లెక్కేద్దాం. అర శాతం గంధకమున్న టన్ను బొగ్గు కాలిస్తే పది కిలోల సల్ఫర్ డయాక్సైడ్. దాన్ని పట్టడానికి సున్నపురాయి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఏడు కిలోలు. ఆ బొగ్గు కాలడం వల్ల వచ్చేది టన్నుకి పైనే! ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. గంధకం తక్కువే, కానీ మన బొగ్గు బూడిదమయం, వేడి చాలక ఎక్కువ తగలెయ్యాలి.

అలాగని జిప్సం పేరున్న ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోమనడంలేదు. ఎరువుల ఫ్యాక్టరీల ఫాస్ఫోజిప్సంలో రేడియం ఉంటుంది. 2021లో ఫ్లోరిడాలోని పైనీ పాయింట్ దగ్గర ఆ గుట్టల మీది నీళ్ళు 20 కోట్ల గ్యాలన్లకి పైగా టాంపా బేలో కలిశాయి. పొగ జిప్సంలోనూ కొంచెం పాదరసం ఉంటుంది. అయితే గోడల్లో వాడకం ఫరవాలేదని అమెరికా ఈపీఏ 2014లో పరీక్షించే చెప్పింది.

ఇంతా చేసి మన సిమెంటు కంపెనీలు ఒమన్ నుంచి జిప్సం ఓడల్లో తెప్పించుకుంటున్నాయి. మన గంధకం మాత్రం పొగగొట్టం పైనుంచి ఉచితంగా ఊళ్ళ మీదికి పోతోంది.