ఎదురొచ్చిన తల్లి, ఎగ్గొట్టిన జీతం

శామీర్‌పేట చెరువుకు అవతల ఒక ఊళ్లో మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆరు జట్లతో ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. చివరి రోజుకు లెక్క తేటగా ఉంది. మేడ్చల్ వైపు జట్టుకు నాలుగు ఆటల్లో 10 పాయింట్లు, శామీర్‌పేట కుర్రాళ్లకు 9. ఆఖరి ఆట వాళ్లిద్దరి మధ్యే. డ్రా అయినా కప్పు మేడ్చల్‌ది. శామీర్‌పేట గెలిచి తీరాలి. పైగా వాళ్ల గోల్‌కీపర్‌కు మణికట్టు వాచింది. ఎవరికి ఎక్కువ అవకాశం అంటే, ఇక చూడాల్సింది ఏముంది?

ఉందట. పొద్దున జట్టు బయల్దేరే వేళకు గల్లీ మొదట్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి ఆ గోల్‌కీపర్ తల్లితో అన్నాడు: "అక్కా, జర లోపటికి పో. పోరగాండ్లు బయలెల్తుండ్రు." ఆమె భర్త పోయి మూడేళ్లు. కొడుకు సంచిలో మజ్జిగ సీసా పెడదామని వచ్చిన మనిషి, ఆ సీసాను అరుగు మీదే వదిలి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, బండ్లు కదిలాయి. శామీర్‌పేట 2-0తో ఓడిపోయింది. సాయంత్రం చాయ్ దగ్గర కారణం తేల్చేశారు: "తలుపు సందులకెల్లి చూసిందట గదా!"

వాచిన మణికట్టు ఎవరికీ గుర్తు రాలేదు. రెండో గోల్ పడేటప్పుడు ఇద్దరు డిఫెండర్లు నువ్వంటే నువ్వని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డ సంగతీ గుర్తు రాలేదు. బంతి ముట్టనిది, మైదానం మొహమే చూడనిది, ఆమె ఓడించిందట.

ఖండించే ముందు నమ్మకాన్ని న్యాయంగా వివరించాలంటారు పెద్దలు. సరే. ముత్తయిదువ ఎదురైతే పని అవుతుంది, భర్త పోయిన ఆడది ఎదురైతే చెడుతుంది. వివరణ అయిపోయింది. ఇదెక్కడ పుట్టిందో తవ్వి తీయడానికి పరిశోధన అక్కర్లేదు, మన ఇళ్లలోకి చూస్తే చాలు. భార్య పోయిన మగవాడు ఎదురైతే ఏమవుతుందో మాత్రం నాకింతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ లీగ్ పెట్టినవాళ్లలోనే అలాంటాయన ఒకరున్నారు. మొదటి రోజు రిబ్బన్ కత్తిరించింది ఆయనే.

మా మేనత్త బొల్లారంలో ఉండేది. చిన్న వయసులోనే మామయ్య పోయాడు. పరీక్షకో ఇంటర్వ్యూకో ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే ఆమెకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. చెప్పుల చప్పుడు వినపడగానే వంటింట్లోకి తప్పుకునేది. తెల్లారకముందే లేచి వాళ్లకు టిఫిన్ చేసిన చేతులు ఆమెవే. ఉప్మా అశుభం కాదు, చేసిన మనిషి మొహం అశుభం. మా నాన్న ఆమెను "మర్యాద తెలిసిన మనిషి" అని నలుగురిలో మెచ్చుకునేవాడు. తిట్టి తరిమితే ఆమె ఎదురు తిరిగేదేమో. మెచ్చుకుంటూ తరిమారు కాబట్టి, బతికినన్నాళ్లూ తనను తానే తరుముకుంది.

ఫుట్‌బాల్‌లో అదృష్టం లేదా అంటే, ఉంది. గోల్స్ తక్కువ పడే ఆట. ఎవరి మోకాలికో తగిలి బంతి లోపలికి పోయిందంటే మెరుగైన జట్టు కూడా ఓడుతుంది. అందుకే లీగ్‌లో అన్నేసి ఆటలు పెడతారు. ఆడేకొద్దీ ఆ గాలివాటం చాలావరకు సర్దుకుంటుంది. జోస్యులకు అన్నం పెట్టేది మాత్రం ఆ ఒక్క ఆట తాలూకు గాలివాటమే. 2010 ప్రపంచ కప్‌లో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిదికి ఎనిమిది ఆటలు సరిగ్గా చెప్పిందని లోకమంతా నోరెళ్లబెట్టింది. నాణెం ఎగరేసి చెప్పినా సగటున 256 మందిలో ఒకరికి అలా కుదురుతుంది. మిగతా 255 మందిని ఏ టీవీ పిలవదు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చూడండి. 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగు. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు, ఓపిగ్గా కుర్రాళ్లను తయారుచేశాడు. 2021-22లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ ఎత్తుకుపోతే మనవాళ్లు 38తో రెండో స్థానం. ఆ తర్వాత ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపి కేరళ బ్లాస్టర్స్ మీద కప్పు గెలిపించాడు. మరుసటి సీజన్లో ముంబై 46, మనం 42. గచ్చిబౌలిలో టైటిల్ గురించి మాట్లాడుకోవడం అలవాటైపోయిన రోజులవి. 2023-24కు వచ్చేసరికి జీతాలు అందలేదు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, మొత్తం 8 పాయింట్లు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. అప్పుడు మా ఆల్వాల్ మిత్రుడొకాయన నాతో అన్నమాట: "ఏల్నాటి శని పట్టింది సార్." శనిగ్రహానికి చెక్‌బుక్ ఉందని నాకు తెలియదు. జీతం ఎగ్గొట్టినవాణ్ణి పేరుపెట్టి అడగాలంటే భయం. శనిని తిడితే ఆయనేమీ పరువునష్టం దావా వేయడు. అక్కడ శని, ఇక్కడ తలుపేసుకున్న తల్లి. ఇద్దరూ తిరిగి మాట్లాడరు.

ఇది గల్లీల్లోనే అనుకోకండి. 2022 జూన్‌లో అఫ్గానిస్తాన్‌తో ఆసియా కప్ అర్హత పోటీకి ముందు జాతీయ జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఆటగాళ్ల జాబితాను ఒక జ్యోతిష్కుడికి పంపి సలహా తీసుకున్నాడని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ 2023 సెప్టెంబర్‌లో రాసింది. ఆ ఆట 2-1తో గెలిచాం. గ్రహాల ఘనతే అనుకుందాం. మరి 2024 జనవరిలో అదే ఆసియా కప్‌లో మూడు ఆటలూ ఓడి, ఒక్క గోలైనా కొట్టకుండా తిరిగొచ్చామే? మార్చిలో అదే అఫ్గానిస్తాన్ గౌహతికి వచ్చి మనల్ని 2-1తో ఓడించిందే? ఎడమకాలు బలహీనమని పక్కన పెడితే కుర్రాడు రేపటి నుంచి ఎడమకాలికి పని చెబుతాడు. జాతకం బాగోలేదని పక్కన పెడితే దేనికి పని చెప్పాలి?

ఆ జ్యోతిష్కుడి సలహాకు అరవై ఏళ్ల ముందు, 1962లో, జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఏం చేశాడు? తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. తలకు దెబ్బ, ఎదురుగా దక్షిణ కొరియా. శకునాల లెక్కన ఇంతకంటే అపశకునం ఉంటుందా? ఆ జర్నైలే గోల్ కొట్టాడు, 2-1తో స్వర్ణం వచ్చింది. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, సికింద్రాబాద్ అమ్ముగూడలో. ఆ పేరు చెబితే మేడ్చల్ మైదానంలో ఎంతమంది గుర్తుపడతారో గానీ, దుర్ముహూర్తం ఎప్పుడో అడగండి, గడియలతో సహా చెబుతారు.

హైవే పొడవునా బోర్డులు పెట్టుకున్న జ్యోతిష్కులకు ఒక మాట. వచ్చే సీజన్ మొదలుకాకముందే అన్ని క్లబ్బుల స్థానాలూ, పాయింట్లతో సహా, కాగితం మీద రాసి సీలు వేసి ఇవ్వండి. ఎవరికి గాయమైంది, ఎవరికి ఏ ఆటలు ఉన్నాయి, ఎవరికి జీతం అందలేదు అని చూసుకుని హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ పిల్లలు ఎవరైనా ముందుకొస్తే వాళ్ల కాగితమూ పక్కనే పెడదాం. సీజన్ అయ్యాక నలుగురిలో రెండూ విప్పుదాం. హేతువాది అబ్రహాం కోవూర్ అద్భుతాలు నిరూపించినవాళ్లకు లక్ష రూపాయలు ఇస్తానన్నాడు, చివరిదాకా ఎవరూ తీసుకోలేకపోయారు. నా పింఛను అంత తూగదు, ఐదు వేలు పెడతాను. రాహుకాలం తప్పించుకునే రండి, నాకు అభ్యంతరం లేదు.