కోత మిషన్ బలం సైలెన్సర్‌లో లేదు, చైను పన్నులో ఉంది

ఈ మధ్య మా ఉద్దానం ఊళ్లలో కొత్త పని ఒకటి మొదలైంది. పెట్రోలు కోత మిషన్ కొన్న రైతు నెల తిరక్కుండానే దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు. చెడిపోయి కాదు, పవర్ పెంచమని. మెకానిక్ సైలెన్సర్ విప్పి లోపలి పలక కోసేస్తాడు. బయట ఇంకో రెండు బెజ్జాలు వేస్తాడు. మూతి దగ్గరున్న జల్లెడ పీకేస్తాడు. కొందరు సిలిండర్ కింద ప్యాకింగ్ కూడా తీసేసి బిగిస్తున్నారు. ఎయిర్ ఫిల్టర్ లేకుండా నడిపేవాళ్లూ ఉన్నారు. మిషన్ చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగితే బలం పెరిగిందని మనం అనుకుంటాం.

ఈ పని మేమూ చేయించాం, నష్టపోయాం. అందుకే రాస్తున్నాం.

కోత మిషన్ మనకు షోకు వస్తువు కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తాతలు, తండ్రులు పెంచిన తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. పడిన చెట్టు తీస్తే గానీ కొత్త మొక్క పెట్టలేం. గొడ్డలి పట్టుకుని ఎన్ని చెట్లు తీస్తాం? మిషన్ ఉన్నవాళ్ల కోసం రోజుల తరబడి ఎదురు చూశాం, అడిగినంత ఇచ్చాం. ఆ దెబ్బతోనే ఇక్కడి రైతులు నలుగురు, ఐదుగురు కలిసి సొంతంగా మిషన్లు కొనడం మొదలుపెట్టారు. మేము కూడా నలుగురం కలిసే కొన్నాం. ఇప్పుడు జీడి కొమ్మలు కొట్టడానికి, ఎండిపోయిన కొబ్బరి తీయడానికి, సరుగుడు కోతకు అదే ఆధారం.

కొన్నప్పుడు బాగానే కోసింది. రెండు నెలలు గడిచేసరికి పని మందగించింది. మిషన్ మీద బలమంతా పెట్టి నొక్కితే గానీ దిగేది కాదు. పట్టణంలో ఒక మెకానిక్ సైలెన్సర్ ఓపెన్ చేస్తే కొత్తదానిలా అవుతుందన్నాడు. ఎనిమిది వందలు తీసుకుని చేశాడు. మూడు రోజులు మా మిషన్ చప్పుడు పక్క ఊరికి వినిపించింది. నాలుగో రోజు కొబ్బరి మాను కోస్తుండగా ఒక్కసారిగా ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. విప్పి చూస్తే పిస్టన్ ఒక పక్కంతా గీతలు పడి, రింగు అతుక్కుపోయి ఉంది. పిస్టన్, సిలిండర్ మార్చడానికి మిషన్ ధరలో మూడో వంతు పైన అయింది. ఆ సామాను రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అద్దె మిషన్‌తో పని చేయించుకున్నాం.

అసలు ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్నాం. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. మోటారు సైకిల్‌కు ఉన్నట్టు ఇంజన్ ఆయిల్ వేరుగా ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కు, బేరింగులకు అందుతుంది. లోపలికి వెళ్లే పెట్రోలే కొంత వేడిని కూడా తీసుకుంటుంది. అంటే పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడీ పెరుగుతుంది. సైలెన్సర్ తెరిస్తే కాలిన పొగ సులువుగా బయటికి పోయి లోపలికి గాలి ఎక్కువ వస్తుంది. గాలి పెరిగినంత మేరకు పెట్రోలు కూడా పెరగాలి. అందుకు కార్బొరేటర్ మీద ‘హెచ్’ గుర్తున్న స్క్రూ కొద్దిగా విప్పాలి. చాలా మిషన్లలో ఆ స్క్రూకు కంపెనీ టోపీ పెట్టి కొంతవరకే తిరిగేలా చేస్తుంది. సైలెన్సర్ కోసిన మెకానిక్ ఆ స్క్రూ జోలికి పోకపోతే మిషన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. కొందరు ఆ స్క్రూ ఇంకా బిగిస్తారు. అప్పుడు స్పీడు పెరిగి చప్పుడు కీచుమని వస్తుంది. వినేవాడికి బలంగా ఉన్నట్టే ఉంటుంది. లోపల పిస్టన్ మాడిపోతూ ఉంటుంది.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు. ఎథనాల్ మండడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. కాబట్టి పాత పెట్రోలుకు సరిచేసిన కార్బొరేటర్‌తో ఈ పెట్రోలు పోస్తే మిషన్‌కు ముందే గాలి ఎక్కువై ఉంటుంది. దాని మీద సైలెన్సర్ కూడా కోస్తే రెండు దెబ్బలూ కలిసి పడతాయి. ఎథనాల్ కలిపిన పెట్రోలు పది శాతం దాకానే వాడాలని చాలా మిషన్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకం తెలుగులో ఉండదు, ఉన్నా మనకెవరూ చదివి చెప్పరు. ఎథనాల్ గాలిలోని తేమను కూడా లాగుతుంది. మన సముద్రపు గాలికి ట్యాంకులో వారాల తరబడి ఉంచితే నీరు చేరుతుంది, కార్బొరేటర్‌లోని రబ్బరు పొరలు పాడవుతాయి.

ప్యాకింగ్ తీయడం ఇంకా ప్రమాదం. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు సిలిండర్ తలకు, దానికి మధ్య చిన్న సందు ఉండాలి. ప్లగ్గు బెజ్జంలోంచి టంకం తీగ పెట్టి ఇంజన్ తిప్పి, నలిగిన తీగ మందం కొలిస్తే ఆ సందు ఎంతో తెలుస్తుంది. అర మిల్లీమీటరు కంటే తగ్గితే స్పీడులో పిస్టన్ తలకు తగిలే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ ప్యాకింగ్ తీసేవాళ్లెవరూ ముందు కొలిచి తీయడం మేము చూడలేదు.

సైలెన్సర్ ముట్టుకోవడమే తప్పని మేము అనడం లేదు. విదేశాల్లో అడవి పని చేసేవాళ్లలో కొందరు ఇదే మార్పు చేసుకుని లాభం పొందుతున్నారు. కానీ వాళ్లు ఇంజన్ తిరిగే వేగం కొలిచే మీటరు పెట్టి కార్బొరేటర్ సరిచేస్తారు. సామాను, అనుభవం రెండూ వాళ్ల దగ్గర ఉంటాయి. ఇక్కడ రెండూ లేకుండా ఒక్క కోతే జరుగుతోంది.

నష్టం మిషన్‌తోనే ఆగదు. మిషన్ పట్టుకునేది చాలాసార్లు కొన్న రైతు కాదు, రోజు కూలీకి వచ్చిన కుర్రాడు. ఈ మిషన్ల చప్పుడు మామూలుగానే వంద డెసిబెల్స్ దాటుతుంది. సైలెన్సర్ కోస్తే ఇంకా పెరుగుతుంది. మా దగ్గర పని చేసే కుర్రాడు ఒకరోజు ‘రాత్రి పడుకున్నా సెవిలో మిషను తిరుగుతానే ఉంటాది చిన్నాన్నా’ అన్నాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. పోయిన వినికిడి మళ్లీ రాదు. మేము ఎనిమిది వందలు ఇచ్చి చేయించిన పని ఇది.

ఇంకోటి నిప్పు. సైలెన్సర్ మూతి దగ్గరి జల్లెడ నిప్పురవ్వలు బయటికి రాకుండా పెట్టింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో జీడి తోటలో మడమలోతు ఎండాకు ఉంటుంది. పిక్కలు ఏరే రోజులు కూడా అవే. జల్లెడ లేని మిషన్‌తో ఆ తోటలోకి వెళ్లడమంటే మన చెట్లతో పాటు పక్కవాడి తోటను కూడా పణంగా పెట్టడమే.

మరి మిషన్ ఎందుకు కోయడం లేదు? మా మిషన్ బాగు చేయించాక ఒక పెద్దాయన చూసి చైను చేత్తో తడిమి నవ్వాడు. పన్ను పూర్తిగా మొద్దుబారి ఉంది. కొబ్బరి మాను పీచు, అందులోని ఇసుక లాంటి పదార్థం, పైన అంటుకున్న మన్ను కలిసి చైనును త్వరగా అరగదీస్తాయి. ఆయన ఆకురాయితో అరగంట కూర్చుని పదును పెట్టాడు. మిషన్ తన బరువుతోనే దిగింది. బలం తగ్గింది ఇంజన్‌కు కాదని అప్పుడు తెలిసింది.

కాబట్టి మిషన్ మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఈ పనులు చేయండి.

కోసేటప్పుడు కింద పడేది చూడండి. పేళ్లు పడుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా పొడి పడుతుంటే పోయినట్టు. ట్యాంకు పెట్రోలు అయిపోయినప్పుడల్లా ప్రతి పన్నుకూ రెండు మూడు రాపులు ఇవ్వండి. చిన్న చైనుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 58 సీసీ మిషన్లకు సాధారణంగా వచ్చే చైనుకు 4.8 మిల్లీమీటర్లది సరిపోతుంది. పన్ను మీద ఉన్న గీత ప్రకారం, దాదాపు 30 డిగ్రీల వాలులో, ఒకే వైపుకు రాయాలి. పన్ను ముందున్న చిన్న మెట్టు కూడా చూడాలి. అది పన్ను కంటే 0.6 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా కిందికి ఉండాలి. ఎక్కువ రాస్తే మిషన్ గుంజుతుంది, ప్రమాదం.

ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపండి, తీసేయకండి. ఫిల్టర్ లేకుండా ఒక్క పూట నడిచినా రంపపు పొట్టు సిలిండర్‌ను గీస్తుంది. సైలెన్సర్‌ను కోయకుండా విప్పి మసి గీకండి. ఆ మసి వల్లే చాలా మిషన్లు బిగుసుకుపోతాయి.

ఆయిల్ కొలిచి కలపండి. 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25, 50కి 1 అంటే 20. మీ మిషన్ మీద ఏది రాసి ఉంటే అదే. మంచిదని ఎక్కువ పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, మసీ పెరుగుతుంది. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కలపండి. పని అయ్యాక ట్యాంకు ఒంపి, మిషన్ ఆగేదాకా నడిపి పెట్టండి.

పెద్ద బారు మోజు వదలండి. 58 సీసీ మిషన్‌కు 22 అంగుళాల బారు తగిలించి అమ్ముతున్నారు. మన కొబ్బరి మానుకు, జీడి కొమ్మకు 16 లేదా 18 అంగుళాలు చాలు. బారు పొట్టిదైతే ఇంజన్ మీద భారం తగ్గుతుంది. నిజంగా పనికొచ్చే మార్పు ఇదే. దానికి సరిపడా లింకులున్న చైను తీసుకోవాలి.

ఇంతవరకు మన తప్పు చెప్పుకున్నాం. అమ్మేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా మిషన్ మీద 58 సీసీ అని స్టిక్కర్ ఉంది. విప్పినప్పుడు కొలిచాం. సిలిండర్ వెడల్పు 45.2 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 34. సెంటీమీటర్లలోకి మార్చి 4.52ను 4.52తో, దాన్ని 3.4తో, మళ్లీ 0.785తో గుణిస్తే 54.5 వస్తుంది. అంటే మూడున్నర సీసీ స్టిక్కర్ మీదే ఉంది, ఇంజన్‌లో లేదు. లేని బలం కోసం రైతు సైలెన్సర్ కోయిస్తున్నాడు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. ముందుగా తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా ప్రారంభించారు. పోర్టల్‌తో మండలంలో పిస్టన్ రింగు దొరకదు. మన సంఘం అడగవలసినవి ఇవి.

కోత మిషన్ అమ్మే ప్రతి ఒక్కరూ అసలు సీసీ, అసలు హార్స్‌పవర్, ఎంత శాతం ఎథనాల్ దాకా వాడవచ్చో తెలుగులో రాసి ఇవ్వాలి. విడిభాగాలు జిల్లాలోనే దొరకాలి. పది శాతం లోపు ఎథనాల్ ఉన్న పెట్రోలు మండలానికి ఒక్క బంకులోనైనా ఉండాలి. తుపాను తగిలే మండలాల్లోని అద్దె యంత్రాల కేంద్రాల్లో అక్టోబరు రాకముందే కోత మిషన్లు, చెవి మూతలు, హెల్మెట్లు సిద్ధంగా ఉంచాలి. మిషన్ పట్టే కూలీలకు శిక్షణ, ప్రమాద బీమా ఇవ్వాలి.

స్టిక్కర్ మోసం మీద ఊరుకోనక్కర లేదు. బిల్లు తీసుకుని దాచుకోండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 5 లక్షల లోపు విలువైన వస్తువు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. సొంత బతుకుతెరువు కోసం కొన్న రైతు ఆ చట్టం కింద వినియోగదారుడే.

ప్రభుత్వం కదిలేదాకా మన పని మనం మొదలుపెడదాం. ప్రతి గ్రామ శాఖ రెండు ఆకురాళ్లు, ఒక కొలత బిళ్ల, నాలుగు జతల చెవి మూతలు కొనాలి. అన్నీ కలిపినా ఒక పిస్టన్ ఖర్చు కాదు. వచ్చే నెల గ్రామ శాఖ సమావేశానికి మిషన్లు తెచ్చుకోండి. పదును పెట్టడం తెలిసిన పెద్దాయన ప్రతి ఊళ్లో ఒకరుంటారు. మిషన్ పట్టే కూలీలను కూడా పిలిచి, ఆయన పక్కన ముందు వరసలో కూర్చోబెట్టండి.