న్యూజిలాండ్‌లో మోటర్‌హోమ్ ట్రిప్: ఫోన్‌లో చూడాల్సింది కెమెరా కాదు

మోటర్‌హోమ్‌లో న్యూజిలాండ్ చుట్టి రావాలనుకునే వాళ్లు ముందు అడిగేది "ఏ ఫోన్ కెమెరా బాగుంటుంది?" అని. నన్నడిగితే అది చివరి ప్రశ్న.

టె అనౌ నుంచి మిల్‌ఫోర్డ్ సౌండ్‌కి దాదాపు 120 కి.మీ. దారిలో చాలా వరకు సిగ్నలే ఉండదు. బండి ఆగిపోయినా ఫోన్ కలవదు. అందుకే ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ట్యాంక్ టె అనౌలోనే ఫుల్ చేయించండి. మ్యాప్ చూపించే టైమ్ కారు లెక్క, దానికి ఇంకాస్త కలుపుకోండి.

బండిలోని 230 వోల్ట్ సాకెట్లు మామూలుగా క్యాంప్‌సైట్ కరెంట్‌కి కలిపితేనే పనిచేస్తాయి. 12 వోల్ట్ చార్జర్ తప్పనిసరి.

ఐఫోన్ 14, ఆపై మోడల్స్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్ అక్కడ పనిచేస్తుంది. కొత్త ఫోన్‌కి డబ్బులు పెట్టాలనుకుంటే దీనికోసం పెట్టండి. ఫొటోలు పాత ఫోన్‌తోనూ వస్తాయి.